శనివారం ఎవరి వంతు

ఊళ్లో అందరూ ఆయన్ని పళ్ల మేస్త్రి అనేవారు. ఆయన డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. మెయిన్ రోడ్డు మీద పళ్ల డాక్టరు ఆస్పత్రి వెనక, మెట్ల కింద ఉన్న పొడుగాటి గదిలో కూర్చుని కట్టుడు పళ్లు తయారుచేసేవాడు. డాక్టరు నోటి అచ్చు తీసి లోపలికి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దిమ్మ తీసేవాడు. ఆ దిమ్మ మీద మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కో పన్నూ దాని చోట నిలబెట్టి, చివరికి గులాబీ రంగు అక్రిలిక్‌తో సెట్టు పూర్తిచేసి మెరుగుపెట్టేవాడు. ముప్పై ఎనిమిదేళ్లపాటు అదే గది, అదే బల్ల, అదే తడి ప్లాస్టర్ వాసన. ఆ ఊళ్లో యాభై దాటినవాళ్లు నవ్వితే సగం నవ్వు వాళ్లది, సగం మేస్త్రిది. ‘ఆయనతో పెట్టుకుంటే పళ్లు రాలవు, కొత్తవి వస్తాయి’ అని స్టేషన్ దగ్గర టీకొట్టు ఆయన కొత్తవాళ్లకు పరిచయం చేసేవాడు.

ఊరు లోకల్ రైలు మార్గంలో చివరి నుంచి మూడో స్టేషన్. నగరం యాభై నిమిషాల దూరం. ఊళ్లో సగం మంది పొద్దున్నే లేచి, తిన్నది గొంతు దిగకుండానే పరుగెత్తి ఆ రైలెక్కి ఆఫీసులకు పోయేవాళ్లు. వాళ్లకు ఆ రైలంటే విసుగు. మేస్త్రి పని ఊళ్లోనే కాబట్టి, వారంలో ఐదురోజులు ఆయనకు రైలుతో అవసరం లేదు. శనివారం ఒంటిగంటకు గదికి తాళం వేసి, గోళ్ల సందుల్లో ప్లాస్టర్ పోయేదాకా బ్రష్షుతో తోముకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండూపది లోకల్ ఎక్కేవాడు. అందుకే జీవితమంతా ఆయనకు రైలు చప్పుడు వినబడితే ఆఫీసు గుర్తుకురాలేదు, సంగీతం గుర్తుకొచ్చింది.

ఆ పిచ్చి ఆయనకు పంతొమ్మిదో ఏట పట్టుకుంది. పని నేర్పిన పెద్ద మేస్త్రికి ఎవరో ఆర్కెస్ట్రా కచేరీ టికెట్టు ఇచ్చారు. ఆయనకు నడుం నొప్పి. ‘నువ్వు పోరా, పారేయడం ఎందుకు’ అని ఇతని చేతిలో పెట్టాడు. వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాడు. వాయించినంతసేపూ ఏమీ అర్థం కాలేదు. కానీ ఒకచోట నలభై మందీ ఒక్కసారిగా ఆపేశారు. ఒక్క క్షణం. అంతమంది ఉన్న హాల్లో అంత నిశ్శబ్దం ఎలా పట్టిందో అతనికి అంతుచిక్కలేదు. ఆ క్షణం మళ్లీ వినాలని మరుసటి శనివారం వెళ్లాడు. ఆ తర్వాత వెళ్తూనే ఉన్నాడు.

భార్యతో పరిచయం పోస్టాఫీసులో అయింది. కట్టుడు పళ్లకు కావలసిన విడి పళ్లు నగరంలో ఒక దుకాణం నుంచి రిజిస్టర్డ్ పార్సెల్లో వచ్చేవి. పార్సెళ్ల కిటికీ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఆ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

“గలగలమంటోంది. లోపల ఏమైనా పగిలిందేమో చూసుకోండి.”

“ఏం పగల్లేదండీ. పళ్లు.”

ఆమె తలెత్తి చూసింది. “ఎవరివి?”

“ఇంకా ఎవరివీ కాదు.”

ఆ మాటకు ఆమె ఎంత నవ్విందంటే వెనక వరుసలో నిలబడ్డవాళ్లు ఏమైందని తొంగిచూశారు. ఆ నవ్వులో పై వరుస ఎడమ కోరపన్ను కొంచెం పక్కకు తిరిగి ఉండటం మేస్త్రి గమనించాడు. నవ్విన మనిషి పళ్లు చూడటం ఆయన వృత్తి రోగం. ఆ కోరపన్నును సరిచేయాలని మాత్రం ఆయనకు ఎన్నడూ అనిపించలేదు.

తర్వాతి శనివారం ఆ అమ్మాయే రైల్లో ఎదురు సీట్లో కూర్చుని ఉంది. మెడలో ఆకుపచ్చ ఉన్ని మఫ్లర్, చేతిలో మడిచిన జెండా. ఇస్త్రీ చొక్కా చూసి ఇంటర్వ్యూకా అని అడిగింది. కచేరీకి అన్నాడు. తనది ఫుట్‌బాల్ మ్యాచి అని చెప్పింది. ఆమెకు ముగ్గురు తమ్ముళ్లు. ముగ్గురూ చిన్నప్పటి నుంచీ పెరట్లో బంతి తన్నుకుంటుంటే, ఆడపిల్ల పక్కన కూర్చోవాలన్నారట. ఈవిడ ఒంటికాలి మీద లేచి, గోల్ దగ్గర తననే నిలబెట్టాలని పట్టుబట్టిందట. కుడి చేతి చిటికెన వేలు అప్పటి నుంచీ వంకరే. ఆ వేలు చూపించి గర్వంగా చెప్పింది.

ఏడాది తిరిగేసరికి పెళ్లయింది. పెళ్లయిన మూడో వారానికి మొదటి గొడవ వచ్చింది. దేని గురించని ఎవరైనా అడిగితే, ఇద్దరూ చెప్పడానికి సిగ్గుపడేవారు. శనివారం గురించి. ఎవరి దారిన వాళ్లు వెళ్లి రావచ్చని మేస్త్రి ప్రతిపాదించాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

“ఒక శనివారం మీది, ఒక శనివారం నాది. రెండింటికీ ఇద్దరం వెళ్లాలి. పక్కన కూర్చుని పేపరు చదివితే మాత్రం ఊరుకోను.”

వంటింటి క్యాలెండర్లో ఆవిడ వంతుకు నీలం పెన్సిల్‌తో సున్నా, ఆయన వంతుకు ఎర్ర పెన్సిల్‌తో మెలిక. ఆ గుర్తులు పెట్టని నెల ఆ ఇంట్లో లేదు.

మొదటి ఆరేళ్లు మేస్త్రికి ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ నియమం అంటే ఏమిటో తెలియలేదు. ఆవిడ ఇంట్లో భోజనాల బల్ల మీద ఉప్పు సీసా, మిరియాల సీసా, నాలుగు చెంచాలు పెట్టి చెప్పేది. అప్పుడు అర్థమైనట్టే ఉండేది. స్టేడియంలో ఉప్పు సీసాలు అటూ ఇటూ పరుగెత్తేసరికి మళ్లీ అయోమయం. పక్కవాళ్లు లేచినప్పుడు లేచేవాడు. ఒకసారి ఎదుటి జట్టు గోలుకు లేచి చప్పట్లు కొట్టి, ఆవిడతో తిరుగు ప్రయాణం మొత్తం మాటల్లేకుండా గడిపాడు. ఆవిడ అభిమానించే ఆకుపచ్చ జట్టు గెలవడం అరుదు. అయినా ఆవిడ ప్రతిసారీ ఈసారి చూడండి అనే వెళ్లేది. ఓడిపోయి వచ్చేటప్పుడు, రిఫరీ పళ్లన్నీ ఊడిపోయి మీ దగ్గరికి రావాలి అని మేస్త్రికి గిరాకీ కోరుకునేది.

కచేరీల్లో ఆవిడ పరిస్థితి మరోలా ఉండేది. మొదట్లో కళ్లు మూతలు పడేవి. తర్వాత ఆవిడ దృష్టి వెనక వరుసలో పెద్ద డ్రమ్ముల దగ్గర నిలబడే బట్టతల మనిషి మీద పడింది. అందరూ వాయిస్తుంటే ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. అరగంటకోసారి కర్రలు తీసి రెండు దెబ్బలు వేస్తాడు. మళ్లీ చేతులు కట్టుకుంటాడు. “పాపం, గోల్‌కీపర్ లాంటివాడు. ఊరికే ఉన్నట్టు ఉంటుంది గానీ ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉండటానికి లేదు” అంది. అప్పటి నుంచి కచేరీ మొత్తం ఆయన్నే చూసేది. ఆయన కర్రల మీద చెయ్యి వేస్తున్నాడంటే, ఏదో రాబోతోందని మేస్త్రికంటే ముందు ఆవిడకే తెలిసేది. మేస్త్రికి అది వింతగానూ, కొంచెం అసూయగానూ ఉండేది.

పాప పుట్టాక పాపనూ తీసుకెళ్లారు. పాప రెండుచోట్లా నిద్రపోయేది. అరవై వేలమంది అరుస్తున్నా నిద్రే, నలభై వాయిద్యాలు మోగుతున్నా నిద్రే. ఆ పిల్లకు నచ్చింది రైలు ఒక్కటే. అప్పట్లో పెట్టెల్లో చెక్క పలకల సీట్లు ఉండేవి. కిటికీ అద్దం దించాలంటే తోలు పటకా పట్టుకుని లాగాలి. టికెట్టు అట్టముక్క. టికెట్టు కలెక్టరు వచ్చి చిన్న కత్తెరలాంటి దానితో చిల్లు పెట్టేవాడు. పాప ఆయనకు చిల్లుల మావయ్య అని పేరు పెట్టింది. ఆయన పాప కోసం ఒక్కోసారి ఒకే టికెట్టుకు రెండు చిల్లులు పెట్టేవాడు. ఆ టికెట్లను పాప దారానికి గుచ్చి దండలు చేసేది. వెనక నుంచి మూడో పెట్టె, ఎడమవైపు కిటికీ. అవి వాళ్ల సీట్లని ఎక్కడా రాసిలేదు గానీ, రెండూపది లోకల్లో రోజూ తిరిగేవాళ్లు ఎవరూ అక్కడ కూర్చునేవారు కాదు.

పాపకు ఎనిమిదేళ్లప్పుడు ఆ సంగతి జరిగింది.

పంతొమ్మిదేళ్ల తర్వాత ఆకుపచ్చ జట్టు కప్పు ఫైనల్‌కు చేరింది. మ్యాచి నాలుగింటికి. శనివారం ఆవిడ వంతే. వారం రోజులుగా ఆవిడకు అన్నం సయించలేదు. పోస్టాఫీసులో రెండుసార్లు తప్పు ముద్ర వేసింది. పాపను అమ్మమ్మ దగ్గర వదిలి, మఫ్లర్ ఉతికి ఆరేసి వేసుకుని, ఇద్దరూ రైలెక్కారు.

రెండో స్టేషన్లో ఒక పెద్దమనిషి ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. నల్లకోటు, ఒళ్లో చిన్న నల్లపెట్టె. జేబులోంచి బిస్కట్ తీసి కొరికాడు. టక్కుమని ఒక శబ్దం వచ్చింది. బిస్కట్ విరిగిన శబ్దం కాదది. ఆ శబ్దం ఏమిటో ఆ బోగీలో మేస్త్రికి ఒక్కడికే తెలుసు. పెద్దమనిషి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగాడు. రుమాలు విప్పి చూసుకున్నాడు. పై సెట్టు సరిగ్గా నడుమకు రెండు ముక్కలైంది.

మేస్త్రి ముందుకు వంగి, తాను ఆ పనివాణ్ణేనని చెప్పి, ఏమీ అనుకోకపోతే ఒకసారి చూపించమన్నాడు. ముక్కలు రెండూ అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పాడు. తన చేతి పని కాదు. అంగిలి దగ్గర మరీ పల్చగా చేశారు. తానైతే అలా చేసేవాడు కాదని మనసులో అనుకున్నాడు, పైకి అనలేదు.

పెద్దమనిషి ముందు పళ్లు లేకుండా, చెయ్యి అడ్డం పెట్టుకుని, గాలి పోతున్న మాటలతో చెప్పిందేమంటే: ఆయన క్లారినెట్ వాయిస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో రెండో కుర్చీ, అంటే ముఖ్య వాద్యగాడి వెనక సహాయకుడు. మొదటి కుర్చీ ఆయన నిన్న జ్వరంతో పడ్డాడు. ఈరోజు ఆరింటికి కచేరీలో ఒక భాగం మొత్తం ఈయన ఒంటరిగా వాయించాలి. క్లారినెట్ మూతి మీద పై పళ్లు ఆనించకపోతే ఊపిరి నిలబడదు, స్వరం పలకదు.

నగరంలో ఉన్నది ఒక్కటే కాబట్టి, మేస్త్రి ఏ ఆర్కెస్ట్రా అని అడగాల్సిన పని లేకపోయింది. ఇరవై ఏళ్లుగా చివరి వరుసల నుంచి తాను విన్నది ఈ మనిషి వాయిద్యమే. ముఖం ఎన్నడూ చూడలేదు. రెండో కుర్చీ మనిషి ముఖం మొదటి కుర్చీ మనిషి భుజం వెనక ఉండేది.

మేస్త్రి భార్యవైపు చూశాడు. ఆవిడ చేతి గడియారం చూసుకుంది.

“బాగుచేయడానికి ఎంతసేపు పడుతుంది?”

“గంట. మహా అయితే గంటంపావు. కానీ గదికి వెళ్లాలి.”

“అయితే దిగండి. స్టేషన్ వస్తోంది.”

“నీ మ్యాచి...”

“నా మ్యాచి నేను చూసుకుంటాను. ఆయన నోటికి నేనేం చేయగలను? దిగండి ముందు.”

రైలు ఆగింది. మేస్త్రీ పెద్దమనిషీ దిగారు. రైలు కదులుతుంటే కిటికీలో ఆకుపచ్చ మఫ్లర్ కనబడుతూ పోయింది. పెళ్లైన పదేళ్లలో ఆవిడ ఒక్కతే మ్యాచికి వెళ్లడం అదే మొదలు. మేస్త్రి గుండె ఆ రైలుతో కొంతదూరం పోయి వచ్చింది. ఎదురు ప్లాట్‌ఫారం మీద వెనక్కి వెళ్లే బండి పది నిమిషాల్లో వచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆస్పత్రి మూసి ఉంటుంది. వెనక తలుపు తాళంచెవి మేస్త్రి దగ్గరే ఉండేది. పెద్దాయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఇస్త్రీ చొక్కా మీదే ఏప్రాను తొడుక్కున్నాడు. ముక్కలు కడిగి తుడిచి, విరిగిన అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపి, కరిగించిన గట్టి మైనంతో అతికించాడు. వెనకనుంచి ప్లాస్టర్ పోశాడు. అది గట్టిపడేదాకా ఇద్దరూ దానివైపే చూస్తూ కూర్చున్నారు. గోడ గడియారం ముల్లు ఆరోజు తన మీద కక్ష కట్టినట్టు పరుగెత్తిందని మేస్త్రి చాలాకాలం చెప్పేవాడు. తర్వాత ముక్కలు విడదీసి, అంచులు కొంచెం అరగదీసి సందు చేసి, ఆ సందులో అక్రిలిక్ పొడి, ద్రవం చుక్క చుక్కగా కలిపి నింపాడు. గోరువెచ్చని నీళ్లలో ముంచి ఉంచాడు. తీసి, ఆకురాయితో నునుపు చేసి, మెరుగుచక్రం మీద పట్టాడు. ఈసారి అంగిలి దగ్గర ఒక పొర మందంగా వేశాడు.

మామూలుగా అయితే అమరిక తెలియడానికి రంగు కాగితం కొరికించి చూస్తారు. పెద్దాయన సెట్టు పెట్టుకుని, నల్లపెట్టె తెరిచి క్లారినెట్ ముక్కలు బిగించి, ఒక కింది స్వరం పట్టాడు. పొడుగాటి స్వరం. అంత చిన్న గదిలో, ప్లాస్టర్ దిమ్మల మధ్య, రెండడుగుల దూరంలో. స్వరం కంటే ముందు లోపలికి తీసుకునే ఊపిరి, మీటల మీద వేళ్ల టకటక కూడా వినబడ్డాయి. ఇరవై ఏళ్లలో చివరి వరుసకు అవి ఎన్నడూ చేరలేదు.

పెద్దాయన ఆపి, ఎడమవైపు ఒక్క పిసరు ఎత్తుగా ఉందన్నాడు. మేస్త్రి ఒక్క పిసరు అరగదీశాడు. మళ్లీ వాయించి, ఇంకా అన్నాడు. నాలుగుసార్లు అలా జరిగింది. ఐదోసారి ఆయన ఆపలేదు, వాయిస్తూనే ఉన్నాడు. గడియారం నాలుగుంబావు చూపించేదాకా ఇద్దరికీ రైలు గుర్తు లేదు.

నాలుగున్నర లోకల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పెద్దాయన దారిపొడుగునా నోరు విప్పలేదు. పళ్లు పెట్టుకుని కూడా మాట్లాడకపోవడం భయం వల్లనే అయివుంటుందని మేస్త్రి పలకరించకుండా ఊరుకున్నాడు. హాలుకు చేరాక ఆయన మేస్త్రి చెయ్యి పట్టుకుని వాద్యగాళ్లు వెళ్లే పక్క తలుపులోంచి లాక్కెళ్లాడు. వేదిక పక్క తెర వెనక మడతకుర్చీ ఒకటి వేయించాడు.

ఆరోజు మేస్త్రి సంగీతాన్ని పక్క నుంచి విన్నాడు. పెద్దాయన వంతు వచ్చినప్పుడు చేతులు రెండూ మోకాళ్ల మీద బిగించి కూర్చున్నాడు. ఆయనకు సంగీతం ఒకవైపు, అతుకు ఎక్కడైనా విరుగుతుందేమోనన్న భయం ఒకవైపు. విరగలేదు. స్వరం ఎక్కడా తొణకలేదు. చివర్లో ఆర్కెస్ట్రా అంతా ఆగింది. ఆ ఒక్క క్షణం వచ్చింది. ఆ క్షణంలో పక్కనున్న ఖాళీ చోటువైపు తలతిప్పి చూశానని, అక్కడ తెర తాడు తప్ప ఏమీ లేదని తర్వాత ఒప్పుకున్నాడు.

బయటికొచ్చాక గుర్తొచ్చింది, ఎక్కడ కలుసుకోవాలో అనుకోలేదని. అప్పట్లో చేతిలో ఫోన్లు లేవు. మ్యాచి ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆవిడ ఇంటికి వెళ్లిపోయి ఉంటుందనుకుంటూ స్టేషన్‌కు వచ్చి, అలవాటు కొద్దీ వెనక నుంచి మూడో పెట్టె దగ్గరికి నడిచాడు. ఎడమవైపు కిటికీ దగ్గర ఆవిడ ఉంది. రెండు బళ్లు వదిలేసి ఈ మూడోదానిలో వచ్చి కూర్చుంది. మఫ్లర్ ఒక చెవి మీదికి జారి ఉంది. గొంతు పూర్తిగా పోయింది.

“గెలిచారా?”

ఆవిడ తల ఊపింది. మళ్లీ ఊపింది. తర్వాత కళ్లు నిండాయి.

“మీరు లేరు” అంది, గాలిలాంటి గొంతుతో.

“నువ్వూ లేవుగా హాల్లో.”

ఆవిడ ముక్కు తుడుచుకుంది. “డ్రమ్ములాయన ఎలా ఉన్నాడు?”

అప్పుడు మేస్త్రి చెప్పడం మొదలుపెట్టాడు. డ్రమ్ములాయన ఊరికే నిలబడటం లేదని, చేతులు కట్టుకున్నప్పుడు చంక కింద వేళ్లతో లెక్కపెట్టుకుంటున్నాడని, పక్క నుంచి చూశాడు కాబట్టి తెలిసిందని చెప్పాడు. ఆవిడకు ఆ సంగతి కప్పు గెలిచినంత గొప్పగా అనిపించింది. ఆ తర్వాత తన వంతు. గొంతు లేదు కాబట్టి సీటు మీద టికెట్లు, గుండీ, జేబురుమాలు పెట్టి, రెండో గోలు ఎలా పడిందో వేళ్లతో నడిపి చూపించింది. గుండీ రుమాలును దాటి వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చేటప్పుడు మేస్త్రి చటుక్కున ఆపాడు. అది ఆఫ్‌సైడ్ కాదా అన్నాడు. ఆవిడ నోరు తెరిచి ఆయనవైపు చూసింది. కాదంది, ఎందుకు కాదో చెప్పింది. కానీ అడిగినందుకు ఆయన బుగ్గ మీద చిన్నగా తట్టింది.

యాభై నిమిషాలు సరిపోలేదు. ఊళ్లో దిగాక ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని మిగతాది చెప్పుకున్నారు. టీకొట్టు ఆయన రెండు గ్లాసులు తెచ్చిచ్చి, కొట్టు కట్టేసుకుని వెళ్లిపోయాడు.

క్లారినెట్ పెద్దాయన ఆ తర్వాత తన పళ్ల పనికి ఇంకెక్కడికీ వెళ్లలేదు. కొత్త సెట్టు మేస్త్రే చేశాడు. చేసిన ప్రతిసారీ ఆయన స్టూలు మీద కూర్చుని వాయించి చూసుకునేవాడు. పక్కగదిలో డాక్టరు డ్రిల్లు ఆపి వినేవాడు, కుర్చీలో రోగి నోరు తెరుచుకునే వినేవాడు. పదకొండేళ్లకు ఒకరోజు ఆయన కోడలు సెట్టు ఒక్కటే పట్టుకుని వచ్చింది. ఇక వాయించడం లేదని, తినడానికి వీలుగా సరిచేస్తే చాలని చెప్పింది. మేస్త్రి ఆ పని చేసి ఇచ్చి, ఆరోజు తొందరగా ఇంటికి వచ్చేశాడు.

రైలూ మారింది. చెక్క సీట్ల చోట ప్లాస్టిక్ వచ్చింది. కిటికీలు తెరుచుకోవడం మానేశాయి. చిల్లుల మావయ్య రిటైరై, ఆయన చోట గేటు దగ్గర టికెట్టు చూసి కూతపెట్టే యంత్రం నిలబడింది. పాప పెద్దదై నగరంలో నర్సు ఉద్యోగంలో చేరింది. ఆమె ఇల్లు స్టేడియం పక్క వీధిలోనే. మ్యాచి రోజుల్లో ట్రాఫిక్ అని తిట్టుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా వాళ్లమ్మ, నువ్వు నా కడుపున ఎలా పుట్టావే అనేది.

పోస్టాఫీసులో ముప్పై ఏళ్లకు పైగా నిలబడి పనిచేసిన మోకాళ్లు ఆవిడ రిటైరైన ఏడాదికే మొరాయించాయి. ఊరి స్టేషన్లో నగరం వైపు వెళ్లే ప్లాట్‌ఫారం అవతలి పక్క. ఓవర్‌బ్రిడ్జి ఎక్కాలి. నలభై రెండు మెట్లు. ఆపరేషన్ చేయించారు, కొంత నయమైంది, మెట్లకు మాత్రం కాలేదు. ఒక శనివారం, ఆవిడ వంతు రోజున, పద్దెనిమిదో మెట్టు దగ్గర ఆగి కూర్చుండిపోయింది. రైలు వస్తున్న చప్పుడు వినబడుతోంది.

“మీరు వెళ్లండి” అంది.

“నువ్వు లేకుండా నేను బంతాటకు వెళ్లి ఏం చేయాలి?”

“చూసి రండి. వచ్చి నాకు చెప్పండి.”

ఆయన ఆ రైలెక్కలేదు. ఆవిడను జాగ్రత్తగా కిందికి దించి ఇంటికి తీసుకొచ్చాడు. కానీ రెండు వారాల తర్వాత మళ్లీ నీలం సున్నా వచ్చింది. ఆవిడే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టి, మఫ్లర్ ఆయన మెడలో వేసి పంపింది. అరవై నాలుగేళ్ల వయసులో పళ్ల మేస్త్రి ఒక్కడే స్టేడియంలో కూర్చున్నాడు. పక్కవాళ్లు లేచినప్పుడు లేచాడు.

వచ్చి చెప్పడం చాతకాలేదు. “ఆ పొట్టివాడు బంతి తీసుకుని పోయాడు. తర్వాత ఇంకెవడో తన్నాడు” అన్నాడు. ఆవిడ తల పట్టుకుంది. ఏ పొట్టివాడు, ఏడో నంబరా, పదకొండా, ఎడమకాలితో తన్నాడా, కుడికాలితోనా అని ఆరాలు తీసింది. రేడియోలో మ్యాచంతా విని ఉంది, ఎవరు గెలిచారో ఆవిడకు ముందే తెలుసు. అయినా ఆయన నోటివెంట కావాలి. తర్వాతిసారి మేస్త్రి చిన్న నోటుపుస్తకం పట్టుకెళ్లాడు. వానలో గోల్‌కీపర్ చేతి తొడుగులు విప్పి పళ్లతో పట్టుకున్నాడని, అవతలి జట్టు కోచ్ మూడుసార్లు నీళ్ల సీసా తన్నాడని, ముందు సీట్లో ముసలావిడ మొత్తం సమయం అల్లుతూనే కూర్చుందని రాసుకున్నాడు. అవి రేడియోలో రావు. ఆవిడ ఆ పుస్తకం కోసం తలుపు దగ్గర నిలబడి ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఈలోపు ఆవిడ ఊరికే కూర్చోలేదు. స్టేషన్లో లిఫ్టు కావాలని రైల్వేవాళ్లకు ఉత్తరం రాసింది. ఉత్తరాలు ఎక్కడెక్కడ మాయమవుతాయో తెలిసిన మనిషి కాబట్టి రిజిస్టర్డ్ పోస్టులో, అందినట్టు సంతకంతో పంపింది. నెలకొకటి. ‘మీ అభ్యర్థన పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వచ్చేది. నాలుగేళ్లు పరిశీలించారు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వస్తే, ఆవిడ చేతికర్ర పట్టుకుని వెళ్లి, ముప్పై తొమ్మిది రసీదుల కట్ట ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూసి, అన్నీ మీరే రాశారా అన్నాడు. అందరి తరఫునా నేనే రాశానండీ, మిగతావాళ్లకు మెట్లెక్కే సరికే ఓపిక అయిపోతోంది అంది. ఐదో ఏడు పునాది తవ్వారు. తవ్వి, ఏడాది వదిలేశారు. చివరికి లిఫ్టు వచ్చింది.

లిఫ్టు నడిచిన మొదటి శనివారం ఇద్దరూ తయారయ్యారు. తీరా చూస్తే ఆ ఏటి ఫుట్‌బాల్ ఆటలు అయిపోయాయి. ఆర్కెస్ట్రాకు సెలవులు. నగరంలో ఉన్నదల్లా బొమ్మల ప్రదర్శన. ఎవరిదో పెద్ద చిత్రకారిణిది, చనిపోయి చాలాకాలమైన ఆవిడది.

“బొమ్మల దగ్గర ఏం చేస్తారు?” అని అడిగింది ఆవిడ.

“చూస్తారు.”

“ఎంతసేపు?”

మేస్త్రికి తెలియదు. క్యాలెండర్లో ఏ గుర్తు పెట్టాలో కూడా తెలియలేదు. వదిలేశారు. లిఫ్టు తలుపు మూసుకుని పైకి కదలగానే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. బ్రిడ్జి మీద ఒక నిమిషం ఆగింది. ఆరేళ్ల తర్వాత పైనుంచి పట్టాలు చూసింది. రెండూ ఎండలో తళతళలాడుతున్నాయి. పదండి, బండి వస్తుంది అని తనే ముందు నడిచింది.

ప్రదర్శనలో ఏడు గదులున్నాయి. ఆవిడ మోకాళ్లకు నాలుగు అయ్యాయి. మూడో గదిలో వానలో తడుస్తున్న ఖాళీ మైదానం బొమ్మ ఒకటి ఉంది. దాని ఎదురుగా బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నారు. మేస్త్రి ఒకసారి, ఆ బూడిదరంగులో అంత ఆకుపచ్చ ఎలా కనబడుతోందో అన్నాడు. దగ్గరికెళ్లి చూడబోతే కాపలా అమ్మాయి వెనక్కి జరగమంది. మిగిలిన మూడు గదులూ వచ్చే శనివారం చూద్దామని అనుకున్నారు. నెలాఖరుదాకా ఉంటుందని తలుపు దగ్గర చెప్పారు.

తిరుగు బండిలో చోటు దొరికింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టేషన్లు దాటాక మేస్త్రి గొంతు సవరించుకుని, మూడో గదిలో ఒక బొమ్మ ఉంది, మైదానం, వానపడుతోంది అని మొదలుపెట్టాడు.

ఆవిడ పకపకా నవ్వింది. “నేనూ అక్కడే ఉన్నానండీ.”

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. ఆరేళ్ల అలవాటు. ఆవిడ నవ్వు ఆపుకుని, కాలు కాస్త చాపుకుని, ఆయనవైపు తిరిగి కూర్చుంది.

“అయినా చెప్పండి” అంది.

ఆయన చెప్పాడు. మధ్యలో రెండుచోట్ల ఆవిడ కాదంది, ఒకచోట ఆయన ఒప్పుకోలేదు. ఆ బొమ్మలో వాన అప్పుడే మొదలైందా, తగ్గుతోందా అన్నది తేలకుండానే ఊరు వచ్చేసింది.